కరీమ్ ఐనూజ్ సినిమాలు ఒక ఊళ్లో ఎందుకు కుదురుకోవు?

క్లుప్తంగా: బ్రెజిల్ ఈశాన్యంలోని సియరా రాష్ట్రంలో పుట్టిన దర్శకుడు కరీమ్ ఐనూజ్ సినిమాలు రియో సందుల్లో మొదలై ఇంగ్లండ్ రాజమందిరం దాకా వెళ్లాయి. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ ప్రయాణానికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు: ఆర్కిటెక్చర్ చదువు, తండ్రి లేని బాల్యం, బ్రెజిల్ ప్రభుత్వ నిధుల ఆటుపోట్లు. గ్యాలరీల కోసం ఆయన చేసిన పని సినిమాకు పక్కవ్యాపకం కాదు, సినిమాకు ముడిసరుకు అక్కడే తయారైంది.

తికమక ఎక్కడ మొదలవుతుంది

2025లో బ్రెజిల్ సినిమా వరసగా వార్తల్లోకి వచ్చింది. మార్చిలో వాల్టర్ సాలెస్ తీసిన ‘ఐ యామ్ స్టిల్ హియర్’ ఆ దేశానికి తొలిసారి ఉత్తమ అంతర్జాతీయ చిత్రం ఆస్కార్ తెచ్చింది. మే నెలలో కాన్ ఉత్సవంలో ‘ది సీక్రెట్ ఏజెంట్’కు క్లెబర్ మెండోన్సా ఫిల్యో ఉత్తమ దర్శకుడిగా, వాగ్నర్ మౌరా ఉత్తమ నటుడిగా బహుమతులు అందుకున్నారు. ఈ సినిమాలు చూసి, వీళ్లు అంతకుముందు ఏం చేశారా అని వెతికినవాళ్లకు కరీమ్ ఐనూజ్ అనే పేరు పదేపదే తగులుతుంది. మౌరా 2014లోనే ఆయన సినిమాలో నటించారు. ‘ఐ యామ్ స్టిల్ హియర్’ చివర్లో మాటా పలుకూ లేకుండా కూర్చున్న వృద్ధురాలు ఫెర్నాండా మోంటెనెగ్రో, అంతకు అయిదేళ్ల ముందు ఐనూజ్ సినిమా చివర్లోనూ వృద్ధురాలిగానే కనిపించారు. సాలెస్ 2001 సినిమా ‘బిహైండ్ ది సన్’ స్క్రీన్‌ప్లే రాసినవాళ్లలో ఐనూజ్ ఒకరు.

అంటే ఆ వర్గం మనిషే. కానీ ఆయన తీసిన సినిమాల జాబితా చూస్తే ఒకరి పనిలా అనిపించదు. 1930ల నాటి రియోలో ఒక నల్లజాతి కాబరే కళాకారుడు, బస్సు ఛార్జీ కోసం తనను తానే లక్కీ డ్రాలో పెట్టుకున్న చిన్న పట్నపు యువతి, బెర్లిన్‌లో మూతపడిన విమానాశ్రయంలో తలదాచుకున్న శరణార్థులు, ఎనిమిదో హెన్రీ ఆరో భార్య, సముద్రపు గట్టున గంటల లెక్కన గదులిచ్చే మోటెల్. వచ్చిన పనల్లా ఒప్పుకునే దర్శకుడు కాబోలు అనుకోవడానికి ఆస్కారం ఉంది. వరసలో పెట్టి చూస్తే మాత్రం అన్నిట్లోనూ ఒకే పరిస్థితి కనిపిస్తుంది. ఒకరు వెళ్లిపోతారు, ఒకరు మిగిలిపోతారు. కెమెరా ఏ పక్షాన ఉందన్నదే సినిమా సినిమాకూ మారుతుంది.

ఇద్దరు విద్యార్థులు, రెండు ఖండాలు

ఐనూజ్ 1966లో సియరా రాజధాని ఫోర్తలేజాలో పుట్టారు. తల్లి ఇరసేమా శాస్త్రవేత్త. తండ్రి అల్జీరియాలోని కబీల్ తెగవారు. ఇద్దరూ అమెరికాలో చదువుకుంటూ కలిశారు. ఫ్రెంచి పాలన నుంచి అప్పుడప్పుడే బయటపడ్డ తన దేశానికి ఆయన వెళ్లిపోయారు, గర్భవతిగా ఉన్న ఆమె బ్రెజిల్‌కు తిరిగి వచ్చారు. ఆ పిల్లవాడు అమ్మ, అమ్మమ్మల దగ్గర పెరిగాడు. అరబ్బు పేరు, పోర్చుగీసు భాష, ఇంట్లో లేని తండ్రి. ఈ మూడూ ఆయన సినిమాల్లో సూటిగా రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

చదివింది ఆర్కిటెక్చర్, అదీ బ్రసీలియాలో. ఎర్రమట్టి పీఠభూమి మీద, పాతఊరు లేనిచోట, గీసిన నక్షా ప్రకారం లేచి 1960లో రాజధాని అయిన నగరం అది. కట్టడం మనుషుల నడకనూ చూపునూ ఎలా నడిపిస్తుందో గమనించడానికి అంతకన్నా మంచి తరగతి గది ఉండదు. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా అధ్యయనంలో ఎం.ఏ. చేశారు. అక్కడే టాడ్ హేన్స్ తీసిన ‘పాయిజన్’ (1991) యూనిట్‌లో పనిచేశారు. స్వలింగ ప్రేమను క్షమాపణ చెప్పుకోకుండా తెరకెక్కించిన అమెరికన్ ఇండిపెండెంట్ సినిమాలకు అది ఊపు మీదున్న కాలం.

ఆయన తొలినాళ్ల చిన్న సినిమా ‘సీమ్స్’ (1993) మాత్రం న్యూయార్క్ గురించి కాదు, అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్ల గురించి. పెళ్లి, మగవాళ్లు, ఒంటరితనం గురించి ఆ ముసలమ్మలు చెప్పుకుపోతుంటే మనవడు కెమెరా పట్టుకుని విన్నాడు. పాతికేళ్ల తర్వాత ఆయనకు అతిపెద్ద గుర్తింపు తెచ్చిన సినిమా బీజం ఆ ఇంట్లోనే ఉంది.

మూతపడ్డ సంస్థ, ఆలస్యమైన మొదటి సినిమా

తొలి పూర్తినిడివి చిత్రానికి ఐనూజ్‌కు 36 ఏళ్లు నిండాయి. ఈ ఆలస్యానికి ఆయన తీరు ఒక్కటే కారణం కాదు. 1990లో అధ్యక్షుడు కొలోర్ అధికారంలోకి వస్తూనే, దేశంలో సినిమాలకు పెట్టుబడి పెట్టి పంపిణీ చేసే ప్రభుత్వ సంస్థ ఎంబ్రాఫిల్మ్‌ను మూసేశారు. తర్వాతి రెండు మూడేళ్లు బ్రెజిల్‌లో సినిమాల లెక్క చేతివేళ్ల మీదకు వచ్చేసింది. కంపెనీలు కట్టాల్సిన ఆదాయపు పన్నులో కొంత భాగాన్ని సినిమాలకు మళ్లించుకోవచ్చంటూ 1993లో చట్టం తెచ్చాక పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. 2001లో ఆన్సీన్ అనే జాతీయ సినిమా ఏజెన్సీ ఏర్పడింది. ఐనూజ్ తొలి చిత్రం ‘మదామె సతాన్’ 2002లో కాన్ ఉత్సవంలో, ప్రధాన పోటీకి పక్కన నడిచే అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో ప్రదర్శితమైంది. నిర్మాణంలో వాల్టర్ సాలెస్ సంస్థ చేయి ఉంది. అప్పటికి దర్శకులు ఒకరి కథ ఒకరు రాస్తూ, ఒకరి సినిమా ఒకరు నిలబెడుతూ నెట్టుకొచ్చారు. ఐనూజ్ కూడా సెర్జియో మచాదో, మార్సెలో గోమెస్ తొలి సినిమాలకు రచనలో పాలుపంచుకున్నారు.

‘మదామె సతాన్’ కథానాయకుడు జువావ్ ఫ్రాన్సిస్కో దస్ సాంతోస్ నిజంగా బతికిన మనిషి. 1900లో పెర్నంబూకోలో బానిసల వారసుల ఇంట పుట్టి, రియోలోని లాపా పేటలో వంటవాడిగా, గూండాగా, కాబరే కళాకారుడిగా, ఎన్నో ఏళ్లు ఖైదీగా గడిపాడు. సినిమా ఆయన ముఖంతోనే మొదలవుతుంది. వాచిన కన్ను, చీరుకున్న చర్మం, చూపు తిప్పుకోని నటుడు లజారో రామోస్. పక్కనుంచి ఎవరిదో గొంతు పోలీసు నివేదిక చదువుతుంది: చదువు రాదు, వృత్తి లేదు, ప్రమాదకారి. తెర మీద ముఖం ఒకటి చెబుతుంటే కాగితం ఇంకొకటి చెబుతుంది. ఆ నివేదికను ఖండించే డైలాగు సినిమాలో ఒక్కటీ ఉండదు. మిగిలిన గంటన్నరా ఆ ఒంటి కదలికలే, చెమటా పాటా దెబ్బలే.

జీవితకథలు తీసేవాళ్లు సాధారణంగా పుట్టుక నుంచి చావుదాకా మెట్లు కడతారు. ఇక్కడ ఆ మనిషి ప్రసిద్ధుడు కావడానికి ముందున్న రోజులే ఎక్కువ. పేరు రావడంతో సినిమా ముగుస్తుంది.

కరువుసీమకు రంగులు

బ్రెజిల్ సినిమాలో సెర్తావ్ అనే పదానికి పెద్ద బరువుంది. ఈశాన్యంలోని ఎండు భూములు, ముళ్లపొదలు, వలసలు. 1963, 1964 ప్రాంతాల్లో నెల్సన్ పెరేరా దస్ సాంతోస్, గ్లావుబర్ రోషా ఈ సీమను నలుపు తెలుపుల్లో, కళ్లు చికిలించాల్సినంత వెలుతురులో చూపించారు. ఆకలినే శైలిగా చేసుకోవాలని రోషా 1965లో రాసిన వ్యాసం ఒక తరానికి మేనిఫెస్టో అయింది. ఆ తర్వాత సెర్తావ్ అంటే బీడు, తుపాకీ, భక్తి అనే ముద్ర స్థిరపడిపోయింది.

ఐనూజ్ 2006 సినిమా ‘ఓ సెవు జి సువేలి’ ఆ ముద్రను వాదనతో కాక రంగుతో చెరిపేసింది. సియరాలోని ఇగువాతు అనే మామూలు పట్నం. పెట్రోలు బంకు, బైకులు, చౌక ప్లాస్టిక్ కుర్చీలు, మరీ నీలంగా ఉన్న ఆకాశం. ఎర్మిలా అనే అమ్మాయి సావో పావులో నుంచి చంటిబిడ్డతో తిరిగొస్తుంది. మొగుడు వెనకే వస్తానన్నాడు, రాడు. ముందు ఒక విస్కీ సీసాకు లక్కీ డ్రా టికెట్లు అమ్ముతుంది. ఆ డబ్బు చాలదు. తర్వాత ‘స్వర్గంలో ఒక రాత్రి’ అని టికెట్లు కొట్టి బహుమతిగా తననే పెడుతుంది. బస్టాండు కౌంటర్లో ఆమె అడిగేది ఫలానా ఊరికి టికెట్ కాదు, అన్నిటికన్నా దూరం ఊరికి. దేశానికి దక్షిణాన ఆ చివరనున్న పోర్తో అలెగ్రె పేరు చెబుతారు.

ఇందులో చాలామంది నటులు తమ సొంతపేర్లతోనే పాత్రలయ్యారు. ఎర్మిలాగా నటించింది ఎర్మిలా గెడెస్. సినిమా చివర ఊరి పొలిమేరలో ఒక బోర్డు కనిపిస్తుంది: ‘ఇగువాతు మీద బెంగ ఇక్కడ మొదలు.’ ఆ బోర్డులోని పోర్చుగీసు పదం సవుదాది. దాన్ని ఇంకో భాషలోకి తేవడం కష్టమని అందరూ అంటుంటారు. తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు, బెంగ అనే మాట చేతిలోనే ఉంది.

గ్యాలరీలో పుట్టి థియేటర్‌కు వచ్చిన సినిమా

చిత్రకారుడు లేదా వీడియో కళాకారుడు సినిమాల్లోకి రావడం కొత్త కాదు. బ్రిటన్‌కు చెందిన స్టీవ్ మెక్వీన్ 1999లో టర్నర్ ప్రైజ్ గెలిచిన గ్యాలరీ కళాకారుడు, తొలి చలనచిత్రం ‘హంగర్’ 2008లో తీశారు. ఐనూజ్ అలా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు దాటినవారు కాదు. రెండు పనులూ ఒకేసారి నడిపారు. రెండేళ్లకోసారి జరిగే బైనియల్ కళాప్రదర్శనల్లో, న్యూయార్క్ విట్నీ మ్యూజియం బైనియల్ (1997), సావో పావులో బైనియల్ (2004), షార్జా బైనియల్ (2011) వంటి వేదికల మీద ఆయన పనులు ప్రదర్శితమయ్యాయి.

ఆ రెంటికీ లంకె ఎలా కుదిరిందో చెప్పడానికి ‘వియాజు పొర్కె ప్రెసీజు, వోల్తు పొర్కె చి ఆము’ (2009) ఒక్కటి చాలు. పేరుకు అర్థం ‘తప్పక వెళ్తున్నా, నీ మీద ప్రేమతో తిరిగొస్తా’. 1999లో ఐనూజ్, మార్సెలో గోమెస్ కలిసి సెర్తావ్‌లో తిరుగుతూ సూపర్ 8 ఫిల్ముతో, చిన్న వీడియో కెమెరాలతో కనిపించినవన్నీ తీశారు. సంతలు, లాడ్జి గదులు, లారీలు, పరుపులు చేసేవాళ్లు. కథ లేదు. 2004లో అందులోంచి ఒక లఘుచిత్రం వచ్చింది. మరో అయిదేళ్లకు అదే ఫుటేజీకి ఒక గొంతు తగిలించారు. నదిని మళ్లించే కాలువ కోసం సర్వే చేస్తున్న భూగర్భ శాస్త్రవేత్త గొంతు అది. అతడు తెర మీద ఒక్కసారీ కనిపించడు. ముంపులో పోయే ఇళ్ల లెక్కలు చెబుతూ, వదిలేసి వెళ్లిన భార్య దగ్గరికి మాట జారిపోతుంటాడు. రాళ్ల పేర్లు, రోజుల లెక్క, మళ్లీ ఆమె.

సినిమా అంటే ముందు స్క్రిప్టు, తర్వాత షూటింగు అనే క్రమం ఇక్కడ తలకిందులైంది. ముందు చోటు దొరికింది, పదేళ్లకు మనిషి దొరికాడు. ఆర్కిటెక్టు స్థలం చూసి ఇల్లు గీసినట్టే. ముంపు గ్రామాల సర్వే అంటే ఏమిటో తెలిసిన తెలుగు ప్రేక్షకులకు ఆ గొంతులోని అధికారిక పొడితనం ఇట్టే పట్టుబడుతుంది. ఆయన సినిమాలన్నిట్లో అతితక్కువ హంగుతో తీసింది ఇదే. బహుశా అన్నిటికన్నా బాగా నిలిచేదీ ఇదే.

బెర్లిన్, అల్జీర్స్

బెర్లిన్‌లో స్థిరపడ్డాక వెళ్లిపోయినవాడి వైపుకు కెమెరా తిరిగింది. ‘ప్రాయా దు ఫుతూరు’ (2014) ఆ నగర ఉత్సవంలోనే పోటీలో నిలిచింది. ఫోర్తలేజా బీచిలో ఒక జర్మన్ మునిగి చనిపోతాడు. కాపాడలేకపోయిన లైఫ్‌గార్డు (వాగ్నర్ మౌరా) చనిపోయినవాడి స్నేహితుణ్ణి ప్రేమించి అతని వెంట బెర్లిన్ వెళ్లి, ఇక ఇంటి ముఖం చూడడు. ఏళ్ల తర్వాత తమ్ముడు వెతుక్కుంటూ వస్తాడు. మూడో అధ్యాయం పేరు ‘జర్మన్ మాట్లాడే దయ్యం’. ఇంటివాళ్లకు వలసపోయిన మనిషి ఎలా కనిపిస్తాడో ఆ మూడు మాటల్లో ఉంది.

టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం మీద తీసిన డాక్యుమెంటరీ (2018)లో ఆర్కిటెక్టు మళ్లీ బయటికొచ్చాడు. నాజీల కాలంలో కట్టి, 2008లో మూసేసిన ఆ మహా కట్టడం హ్యాంగర్లలో 2015 తర్వాత శరణార్థులకు అట్టగోడల గదులు వేశారు. బయట రన్‌వే మీద బెర్లిన్‌వాసులు సైకిళ్లు తొక్కుతుంటారు, లోపల జనం అనుమతి కాగితాల కోసం ఎదురుచూస్తుంటారు. ఒకే ఫ్రేములో రెండు రకాల తీరిక. బెర్లిన్ ఉత్సవంలో దీనికి అమ్నెస్టీ ఇంటర్నేషనల్ బహుమతి దక్కింది.

2019 జనవరిలో ఆయన మార్సెయ్ నుంచి ఓడెక్కి, తాను ఎన్నడూ చూడని అల్జీరియాకు, తండ్రి దేశానికి వెళ్లారు. కబీల్ కొండల్లోని ఊరి దాకా సాగిన ఆ ప్రయాణం ‘మెరైనర్ ఆఫ్ ది మౌంటెన్స్’ (2021) అయింది. వ్యాఖ్యానమంతా చనిపోయిన తల్లికి రాసిన ఉత్తరం. తండ్రి ఊరు వెళ్తున్న కొడుకు మాట్లాడేది తండ్రితో కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు బూతెఫ్లికాకు వ్యతిరేకంగా అల్జీరియా వీధుల్లోకి వచ్చింది. మార్చి 8న ఒక యువ కార్యకర్త వెంట రోజంతా నడుస్తూ స్మార్ట్‌ఫోనుతో తీసిందే ‘నార్జెస్ ఎ.’ (2020). ఒకటి ఏళ్లకేళ్లుగా వాయిదాపడ్డ సినిమా, రెండోది ఒక్కరోజులో తీసిన సినిమా. రెండిటికీ కారణం ఒకే ప్రయాణం.

అక్కచెల్లెళ్ల సెంటిమెంటు, ఆగిన నిధులు

‘ఆ వీదా ఇన్విజీవెల్’ (2019) ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసింది. మార్తా బతాల్యా నవల ఆధారం. 1950 నాటి రియోలో ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఒకరికి వియన్నా వెళ్లి పియానో నేర్చుకోవాలని ఆశ, ఒకరు గ్రీకు నావికుడితో లేచిపోతారు. కడుపుతో తిరిగొచ్చిన కూతుర్ని తండ్రి గెంటేస్తాడు. నీ చెల్లెలు యూరప్‌లో ఉందని ఆమెకు అబద్ధం చెబుతాడు, అక్క వచ్చిన సంగతి చెల్లెలికి చెప్పడు. ఇద్దరూ ఒకే నగరంలో ఏళ్లకేళ్లు ఉంటారు. అక్వేరియం ఉన్న ఒక హోటల్లో వాళ్ల పిల్లలు గాజుతొట్టె దగ్గర ఎదురుపడతారు గానీ తల్లులు ఒకరి కంట ఒకరు పడరు.

రాసిన ఉత్తరాలు చేరకపోవడం, ఇంటిపెద్ద అబద్ధంతో కుటుంబం రెండుముక్కలు కావడం తెలుగు సినిమాకు కొత్త సరుకు కాదు. మన మెలోడ్రామాలో ఈ కథ చివరి రీలు కలయికతో ముగిసేది. ఐనూజ్ ఆ కలయికను ఇవ్వరు. ముసలితనంలో భర్త పోయాక ఇనప్పెట్టెలో ఉత్తరాలు బయటపడతాయి, అంతే. కన్నీళ్లు తెప్పించే హంగులన్నీ వాడుకుని, వాటితో దొరకాల్సిన ఊరటను మాత్రం పక్కన పెట్టారు. అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో ప్రథమ బహుమతి ఒక బ్రెజిల్ సినిమాకు రావడం అదే మొదటిసారి. ఆ ఏడాది బ్రెజిల్ తన ఆస్కార్ ఎంట్రీగా దీన్నే పంపింది, నామినేషన్ దాకా వెళ్లలేదు.

అయితే కాలం అనుకూలంగా లేదు. 2019 జనవరిలో బోల్సొనారు ప్రభుత్వం వస్తూనే సాంస్కృతిక మంత్రిత్వ శాఖను రద్దుచేసింది. ఆన్సీన్ నిధుల మంజూరు నత్తనడకన పడింది. డిసెంబరులో ఆ ఏజెన్సీ కార్యాలయం గోడల మీది బ్రెజిల్ సినిమా పోస్టర్లు కూడా తీసేశారు. పన్ను మినహాయింపుల మీద, ప్రభుత్వ నిధి మీద నిలబడ్డ పరిశ్రమలో కార్యాలయం తీరు మారితే దెబ్బ పంపిణీదారుకో ప్రేక్షకుడికో కాదు, రెండేళ్ల తర్వాత రావాల్సిన సినిమాకు తగులుతుంది. ఐనూజ్‌కు బయటి ద్వారం అప్పటికే తెరిచి ఉంది. ఫోర్తలేజాలోనో రెసీఫిలోనో మొదటి సినిమా కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు అది లేదు.

రాజు ఒంటి వాసన

‘ఫైర్‌బ్రాండ్’ (2023) ఆయన తొలి ఇంగ్లిష్ చలనచిత్రం, కాన్ ప్రధాన పోటీలో తొలి అడుగు. ఎనిమిదో హెన్రీని దాటి బతికి బయటపడ్డ ఆరో భార్య క్యాథరీన్ పార్‌గా అలీసియా వికాండర్, రాజుగా జూడ్ లా. హెన్రీ కాలి పుండు చీము వాసన మూడు గదుల అవతలికి వచ్చేదని చదివి, రక్తం, మలం, చెమట వాసనలు కలిపిన అత్తరు ప్రత్యేకంగా చేయించుకుని సెట్‌లో పూసుకున్నానని జూడ్ లా కాన్‌లో చెప్పారు. తెరకు వాసన అంటదు కదా అనిపించవచ్చు. కానీ పక్కన నిలబడ్డ నటీమణి ముక్కుపుటాలకు అంటుంది. ఒంటి నుంచే పాత్రను రాబట్టే పద్ధతి లాపా పేట నుంచి రాజప్రాసాదానికి చెక్కుచెదరకుండా వచ్చిందనడానికి ఇదే రుజువు.

రియో ఇంట్లో తండ్రి, ఇంగ్లండ్‌లో రాజు. ఇంటి తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే రెండు చోట్లా ప్రశ్న. అయినా సినిమా ఆయన మిగతా పనుల స్థాయిని అందుకోలేదు. చరిత్రను పక్కకు నెట్టి చివర్లో ఇచ్చిన తీర్పు, అక్కచెల్లెళ్ల కథలో ఆయన పట్టుదలగా ఇవ్వని ఊరట లాంటిదే. తర్వాత మరో ఇంగ్లిష్ చిత్రం ‘రోజ్‌బుష్ ప్రూనింగ్’కు గ్రీకు రచయిత ఎఫ్తిమిస్ ఫిలిపూ స్క్రిప్టు తీసుకున్నారు. ఇటలీ దర్శకుడు మార్కో బెలోక్కియో 1965 సినిమా దానికి ప్రేరణ. అదీ కుళ్లిన ఇంటి కథే.

ఈ రెండు ఇంగ్లిష్ సినిమాల నడుమ ఆయన సియరా వెళ్లారు. ‘మోటెల్ దెస్తీను’ (2024) కూడా కాన్ పోటీకి వెళ్లింది. బ్రెజిల్‌లో మోటెల్ అంటే రహదారి పక్క బస కాదు, జంటలకు గంటల లెక్కన ఇచ్చే గది. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన ఒక కుర్రాడు అక్కడ పనికి కుదురుతాడు. గోడలు ఎరుపు, నీలం, గులాబీ నియాన్ వెలుతురులో మెరుస్తుంటాయి. పక్క గదుల మూలుగులు పగలూ రాత్రీ ఆగవు. యజమాని భార్యతో ఆ కుర్రాడి వ్యవహారం పాతకాలపు క్రైమ్ కథల బాణీలో నడుస్తుంది. కుర్రాడిగా నటించిన యాగో షావియర్‌కు అది తొలి సినిమా. స్క్రిప్టు రాసినవాళ్లలో విజ్లాన్ ఎస్మెరాల్దో ఒకరు. ఫోర్తలేజాలో పోర్తో ఇరసేమా అనే ప్రభుత్వ కళాపాఠశాల నడిపే స్క్రీన్‌ప్లే శిక్షణలో, గోమెస్, మచాదోలతో కలిసి ఐనూజ్ కొత్త రచయితలకు పాఠాలు చెప్పారు. పాతికేళ్ల కిందట ఒకరి సినిమా ఒకరు రాసిపెట్టుకున్న ఆ ముగ్గురే.